పన్నెండు దరువుల తర్వాత

కింగ్‌స్టన్
22 ఫిబ్రవరి 1976

చిరంజీవి మార్వాకు లాసెల్స్ మావయ్య దీవెనలు.

ఈ ఉత్తరం తెచ్చిన మిస్ అల్వరీన్ వెంట ఒక చెక్కపెట్టె వస్తుంది. దాన్ని మోయలేక ఆవిడ నన్ను తిట్టే తిట్లు కూడా వస్తాయి. వాటిని నా బదులు నువ్వు పడు. పెట్టెలో నలభై ఒక్క రికార్డులున్నాయి. నా మైకు సెట్టులో మిగిలిన ఆస్తి అంతే. బాక్సులు వడ్రంగికి ఇచ్చేశాను, వాటితో బీరువాలు చేస్తాడట. ఇరవై రెండేళ్లు పడమటి కింగ్‌స్టన్‌ని ఆడించిన బాక్సుల్లో ఇక ఎవరో దుప్పట్లు మడిచి పెట్టుకుంటారు.

నవంబరు తొమ్మిదిన మీ ఐసిల్డా అత్త పోయాక నేను సెట్టు కట్టలేదు. కట్టినా వచ్చేవాళ్లు లేరు. పక్క వీధిలోకి అడుగుపెడితే ముందు ఏ పార్టీ అని అడుగుతున్నారు, తర్వాత కాలుస్తున్నారు. ఒక్కోసారి అడగడం కూడా మర్చిపోతున్నారు.

రికార్డుల మీద పేర్లుండవు, వెతక్కు. నేనే నాణెంతో గీకేశాను. పోటీ సెట్టువాడు తొంగిచూసి అదే పాట కొనేస్తాడని మా రోజుల్లో అందరం అలాగే గీకేవాళ్లం. నాకు గాడి మీద వేలు పెడితే ఏదేమిటో తెలుస్తుంది. నీకు వింటే తెలుస్తుంది.

వాటిలో ఒకటి మీ అత్త పాడింది. స్టూడియోలో రికార్డు ఒక్కటే కోయించాం, ఇంకోటి లోకంలో లేదు. దాన్ని ఇంట్లో పెట్టుకుని వినలేను, ఎదురుగా ఉంటే వినకుండా ఉండలేను. నువ్వూ అక్కడ సెట్టు పెట్టావని మీ అమ్మ రాసింది కదా, నీ దగ్గరుంటే పదిమందీ వింటారు. ఆడపిల్లకి సెట్టేంటని నేనననుగానీ వైరు ముట్టుకునే ముందు చెప్పులు తొడుక్కో.

కూరలో ఉప్పు వేశానో లేదో చెప్పే మనిషి లేని,
నీ మావయ్య,
లాసెల్స్

~

బ్రాంక్స్, న్యూయార్క్
11 ఏప్రిల్ 1976

మావయ్యా,

పెట్టె చేరింది. తిట్లు కూడా చేరాయి, ఒక్కటి కూడా దారిలో పోలేదు. ఆలస్యంగా రాస్తున్నందుకు నువ్వు కూడా నాలుగు తిట్టు.

ఇక్కడ నేనూ అమ్మా ఒకే ఇంట్లో ఉంటున్నామని చెప్పడం పేరుకే. ఆమెది ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, నాది కోట్ల దుకాణంలో పగలు గుండీలు కుట్టే పని. ఫ్రిజ్ తలుపు మీద కాగితాలు అంటించుకుని మాట్లాడుకుంటాం. 'కోడికూర ఉంది.' 'పాలు తెచ్చాను.' పోయినవారం అమ్మ ఏం రాసిందో తెలుసా? 'నీ ముఖం మర్చిపోయాను, ఒక ఫోటో అంటించు.' నవ్వొచ్చింది. తర్వాత ఆ కాగితం ముందు కూర్చుని అన్నం తిన్నాను.

ఈ బిల్డింగులో పోయినేడాది పదకొండు కుటుంబాలుండేవి, ఇప్పుడు నాలుగు. ఎదురు బిల్డింగు కాలిపోయింది. దాని పక్కది కూడా. ఫైరింజను గంట వినపడకపోతే ఇప్పుడు నాకు నిద్ర పట్టడం లేదు.

శనివారం మధ్యాహ్నం మాత్రం బతుకుతాను. నేనూ టైరీ అనే అబ్బాయీ వాళ్ల నేలమాళిగలోంచి సెట్టు మోసుకుని పార్కుకు తీసుకెళ్తాం. వీధి దీపం స్తంభం అడుగున మూత విప్పి కరెంటు లాగుతాం. (చెప్పులు తొడుక్కునే.) ఇక్కడ మేం పాట మొత్తం వెయ్యం మావయ్యా. ఏ పాటలోనైనా గొంతులూ వాయిద్యాలూ ఆగి ఉత్త దరువు మిగిలే చోటు ఒకటుంటుంది కదా, జనానికి అదే కావాలి. దానికోసమే గోడకి ఆనుకుని కాచుకుని ఉంటారు. అది రాగానే పిల్లలు నేలమీద పడి బొంగరాల్లా తిరుగుతారు. అది అయిపోకుండా నేను రికార్డుని చేత్తో వెనక్కి లాగి, మళ్లీ అదే వదుల్తాను. అరగంటసేపు అదే. రెండో ప్లేయరులో ఏదో ఒకటి తిరుగుతుంటుంది కాబట్టి ఖాళీ రాదు. లాగినప్పుడు గరగరమని చప్పుడొస్తుంది. మొదట సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ గరగర కోసమే కేకలేస్తున్నారు.

టైరీ మైకులో మాట్లాడతాడు. మొదట్లో 'ఫలానావాడి అమ్మ పిలుస్తోంది, ఇంటికి పో' అని చెప్పడానికే మైకు పట్టుకున్నాడు. ఇప్పుడు దరువుకి సరిగ్గా ప్రాస కడుతున్నాడు. 'వెనకనున్న అన్నలారా, ముందుకొచ్చి ఆడండి, జేబులోన చేతులుంటే తీసి గాల్లో ఊపండి' అంటూ గంటసేపు ఆగడు. దీన్ని ఏమంటారే అని అమ్మ కాగితం మీద అడిగింది. ఇంకా పేరు లేదని రాశాను.

నీ పెట్టెలోది ఒకటి మాత్రం బంగారం. మిగతావాటికన్నా బరువుగా ఉంటుంది. ఎవరో తలుపు కొడుతున్నట్టు పన్నెండు దరువులతో మొదలవుతుంది. పేర్లు గీకేశావుగా, అందుకని నేనే దానికి 'తలుపు' అని పేరు పెట్టుకున్నాను. బ్రాంక్స్‌లో ఎవడి దగ్గరా లేదు. అది పెట్టానంటే పార్కు ఊగిపోతుంది.

ఫ్రిజ్ మీద ఫోటో అయిన,
మార్వా

~

కింగ్‌స్టన్
16 మే 1976

మార్వాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రికార్డు మీద చెయ్యి వేస్తున్నావా? రికార్డు మీద! ముప్పై ఏళ్ల కిందట నా గురువు నేను గాడి మీద ఊదినందుకే చెంప వాయించాడు. మీ అమ్మ నిన్ను కన్నప్పుడు నేను మిఠాయి పంచినందుకు ఇవాళ సిగ్గుపడుతున్నాను.

ఇక మైకులో ప్రాసలు కట్టడం గురించి. తాతకు దగ్గులు నేర్పుతున్నావా? మీ టైరీ పుట్టకముందే నా సెట్టు దగ్గర మైకు పట్టుకుని వీధిలో అందరి బండారమూ పాటలో కలిపి చదివేవాళ్లు. మీరు ఆ విత్తనం సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లి, మంచులో నాటి, కొత్త చెట్టని మాకు ఉత్తరం రాస్తున్నారు. పోనీలే, కాపు కాస్తోంది కదా.

కానీ అమ్మడూ, మూడు పేజీలు రాశావు. అందులో మీ అత్త గురించి ఒక్క ముక్క లేదు. విన్నావా? విని బాగాలేదని దాచావా? దాచకు.

నీకొక సంగతి చెప్పాలి. ఇక్కడ పాట నచ్చితే జనం ఏం చేస్తారో నీకు గుర్తుండదు, ఆరేళ్లకే వెళ్లిపోయావు. చప్పట్లు కొట్టరు. ఆవరణ చుట్టూ ఉన్న రేకు గోడని పిడికిళ్లతో బాదుతారు, ఈలలు వేస్తారు, 'తిప్పు, తిప్పు!' అని అరుస్తారు. సెట్టువాడు అప్పుడు ముల్లు ఎత్తి, పాటని మళ్లీ మొదటినుంచి వెయ్యాలి. అదే పాడినవాళ్లకి కిరీటం. 1964 ఈస్టర్ సోమవారం నాడు మీ అత్త రికార్డు నేను మొదటిసారి వేశాను. ఆమె అక్కడే పొయ్యి దగ్గర చేపలు వేయిస్తోంది, వేయిస్తూ చెవి ఇటు పెట్టింది. ఒక్కడు రేకు ముట్టుకోలేదు. నిశ్శబ్దం. ఆమె చేప తిరగేసింది, అంతే. ఆ తర్వాత పదకొండేళ్లలో పాడలేదు. చర్చిలో కూడా పెదవులు కదిపేది కాదు. నేను కూడా దాన్ని మళ్లీ పెట్టలేదు.

కాబట్టి చెప్పు. అక్కడి జనం వింటున్నారా?

సమాధానం వచ్చేదాకా పోస్టుమాన్ని పీడించే,
లాసెల్స్ మావయ్య

~

బ్రాంక్స్
20 జూన్ 1976

మావయ్యా,

విన్నాను. ఎందుకు వినను? ప్రతి శనివారం వేస్తున్నాను. జనం నిలబడి వింటారు. ఎవరీవిడ అని అడుగుతారు. మా అత్త అని చెప్తాను.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నువ్వు తలుపు తియ్యడం లేదనీ గడ్డం పెరిగిపోయిందనీ మిస్ అల్వరీన్‌కి ఎవరో రాశారట. దయచేసి తలుపు తియ్యి. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను, డ్యూటీకి వేళయింది.

మార్వా

~

కింగ్‌స్టన్
8 ఆగస్టు 1976

బంగారు తల్లి మార్వాకు,

ఇక్కడ ఎమర్జెన్సీ పెట్టారు. సందు మొదట్లో సైనికులున్నారు. వాళ్లలో ఒకడు నన్ను ఆపి, 'ముసలాయనా, ఎక్కడికి?' అన్నాడు. 'గడ్డం గీయించుకోడానికి' అన్నాను. 'ఇంత సంతోషంగానా?' అన్నాడు. 'మా ఆవిడ న్యూయార్క్‌లో పాడుతోంది నాయనా' అన్నాను. వాడు నన్ను పిచ్చివాడనుకుని వదిలేశాడు.

బార్బర్ హోప్టన్‌కి చెప్పాను. హోప్టన్‌కి చెబితే సందుకి టముకు వేసినట్టే కదా. ఇప్పుడు ఆడవాళ్లు కుళాయి దగ్గర నన్ను ఆపి అడుగుతున్నారు. 'అయితే ఐసిల్డాని తెల్లవాళ్లు కూడా వింటారా?' అని ఒకావిడ. 'ఆ గొంతు దీర్ఘం తీసేచోట అక్కడివాళ్లు ఏం చేస్తారు?' అని ఇంకొకావిడ. నేనేం చెప్పను? నువ్వే చెప్పాలి. ఆ దీర్ఘం దగ్గర వాళ్లు కదలకుండా నిలబడతారా, కళ్లు మూసుకుంటారా?

హోప్టన్ మాత్రం పాత శత్రువు. వాడిది ఒకప్పటి పోటీ సెట్టు. 'వింటేగానీ నమ్మను' అంటున్నాడు. మీరు ఆటలని క్యాసెట్ల మీద ఎక్కించి అమ్ముకుంటారని విన్నాను. మీ అత్త పాడుతుండగా, జనం చప్పుడుతో సహా ఎక్కించి పంపు. నవంబరు తొమ్మిదికి సంవత్సరీకం. ఆ రోజు సందుని పిలిచి మేకమాంసం వండించి వినిపిస్తాను. హోప్టన్‌ని ముందు వరసలో కూర్చోబెడతాను.

నేను మళ్లీ నిద్రపోతున్నాను తల్లీ. నీ పుణ్యమే.

లాసెల్స్

~

బ్రాంక్స్
5 సెప్టెంబరు 1976

మావయ్యా,

తప్పకుండా పంపుతాను. చిన్న సాయం కావాలి. టేపు ఎక్కించేటప్పుడు మొదలు తప్పిపోకూడదు కదా, అత్త పాట సరిగ్గా ఎలా మొదలవుతుందో, ఎన్ని దరువుల తర్వాత గొంతు వస్తుందో నీ మాటల్లో రాయి. నాకు తెలుసనుకో. అయినా రాయి.

అక్టోబరు రెండున పోటీ ఉంది. రోస్కో అని ఒకడున్నాడు. వాడి బాక్సులు నా ఎత్తుకి రెండింతలు. ఇద్దరం పార్కుకి రెండు చివర్లా సెట్లు పెడతాం, జనం ఎవరి వైపు మిగిలితే ఇకమీదట శనివారాలన్నీ వాళ్లవి. 'నీ డబ్బాలు ఇంట్లో పెట్టి రా మార్వా, నా సెట్టుకి గుండీలు కుట్టిపెడుదువుగాని' అన్నాడు పదిమందిలో. వాడి బాక్సుల ముందు నాది దోమ పాట. నా దగ్గరున్నది 'తలుపు' ఒక్కటే. కానీ అది చాలు.

శనివారం పోతే నాకు మిగిలేది ఫ్రిజ్ తలుపే మావయ్యా. అందుకని దేవుణ్ణి అడుగు.

మార్వా

~

కింగ్‌స్టన్
19 సెప్టెంబరు 1976

మార్వాకు,

నా మాటల్లో వినాలని ఉందా? విను.

ఆ రోజు దరువు వేసేవాడు తాగి ఎక్కడో పడిపోయి రాలేదు. స్టూడియోవాడు గడియారం చూస్తున్నాడు. మీ అత్త ఇటూ అటూ చూసి, మూల ఉన్న ఖాళీ చేపలపెట్టె లాగి బోర్లించింది. 'వాడి మొహం, నాకు చేతుల్లేవా?' అంది. దాని మీద తనే వాయించింది. పన్నెండు దరువులు, ఎవరింటి తలుపో కొడుతున్నట్టు. పదమూడోదానికి గొంతు ఎత్తింది. కుళాయి దగ్గర వరసలో నిలబడ్డ ఆడమనిషి పాట. రెండో చరణం చివర దీర్ఘం. ఆ రికార్డు కోసేటప్పుడు అద్దం ఇవతల నేనున్నాను. ఆమె నన్నే చూస్తూ పాడింది.

లోహపు రేకు మీద మెత్తటి పూత పూసి కోసిన రికార్డు అది, అందుకే బరువు. ఎక్కువసార్లు ముల్లు పెడితే అరిగిపోతుంది. కానీ శనివారానికి ఒక్కసారేగా, ఫర్వాలేదు.

రోస్కోకి భయపడకు. పెద్ద బాక్సులున్నవాళ్లని చాలామందిని చూశాను.

మావయ్య

~

బ్రాంక్స్
4 అక్టోబరు 1976

మావయ్యా,

మిస్ అల్వరీన్ ఇంకో వారంలో కింగ్‌స్టన్ వస్తోంది, క్యాసెట్ ఆవిడ చేతికిచ్చాను. ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. ముందు ఇది చదువు, తర్వాత అది విను. ఇది ముందు అందాలనే ఇవాళే రాస్తున్నాను.

నేను అబద్ధం చెప్పాను. అత్త పాట నేను ఎప్పుడూ వినలేదు. ఏ రికార్డో కూడా నాకు తెలియదు. నాకు ఆవిడ గొంతు గుర్తులేదు, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడం ఒక్కటే గుర్తు. నువ్వు అడిగినప్పుడు, అన్ని రికార్డుల్లోనూ దరువు కోసమే ముల్లు ఇక్కడా అక్కడా పెట్టి చూశాను, పాట ఒక్కటీ వినలేదు అని ఎలా రాయను? నువ్వు తలుపు తియ్యడం లేదన్నారు. విన్నానంటే తీస్తావనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం నేలమాళిగకి పరిగెత్తాను. 'తలుపు' పెట్టాను. ఆరు నెలలుగా పన్నెండో దరువు దగ్గర వెనక్కి లాగిన చెయ్యి, ఆ రోజు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మావయ్యా, నేను అరగదీసింది అత్త చేతుల్ని. వేలసార్లు ముందుకీ వెనక్కీ ఈడ్చాను. ఆ చోట గాడి కాలిపోయింది, నూనెలో చేప వేగినట్టు చప్పుడొస్తోంది. పన్నెండు దాటాక అంతా కొత్తగా ఉంది. ఎవరూ నడవని నేల. అక్కడ ఆవిడ ఉంది. పక్కగదిలో పడుకున్నవాళ్లు లేవకుండా పాడుతున్నట్టుంది. 'మీరు తోసినా నిలబడతాను, నా వంతు వచ్చేదాకా నిలబడతాను.' నేనొక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఇంత పాట ఉంటే గుమ్మంలోంచే ప్రతిసారీ వెనక్కి వచ్చేశానే అనిపించింది.

ఇది వింటే ఎవరూ కదలరు అనుకున్నాను. నీకు రాసిన అబద్ధం శనివారం నాడు నిజమైపోతుందనుకున్నాను.

పోటీలో ముందు రోస్కో గెలుస్తూ ఉన్నాడు. తర్వాత నేను 'తలుపు' పెట్టాను. పది నిమిషాలు తిప్పాను. అటువైపు జనం పరుగున ఇటు వచ్చేశారు. టైరీ గొంతు చించుకుంటున్నాడు. రోస్కో తన బాక్సు మీద కూర్చుండిపోయాడు. గెలిచాను మావయ్యా, అప్పటికి గెలిచాను. ఆపేసి ఇంటికెళ్లినా గెలుపే. అప్పుడు చెయ్యి తీసేశాను. అత్త గొంతు ఎత్తింది.

మొదట అందరూ నా వైపు చూశారు, చెయ్యి జారిందనుకుని. తర్వాత, 'మార్వా, నిద్రపోయావా? తిప్పు!' అన్నారు. ఇనప కంచె పట్టుకుని బాదారు. చెత్తడబ్బాల మూతలు బాదారు. ఈలలు. 'తిప్పు, తిప్పు!' పాట వద్దు, దరువు ఇవ్వమని. టైరీ నా చెవిలో అరిచాడు, 'ఒక్కసారి లాగవే, పోతోంది, అంతా పోతోంది!' నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. రోస్కో లేచి ఏదో దరువు పెట్టాడు. జనం అటు వెళ్లిపోయారు. దీర్ఘం వచ్చేసరికి నా ముందు గడ్డి కనిపిస్తోంది. పాట అయ్యేదాకా నలుగురు ఉన్నారు.

నువ్వు క్యాసెట్‌లో వినేది అది. నీకు వేరేలా వినిపిస్తుందేమోనని భయంగా ఉంది, అందుకే ముందు రాస్తున్నాను. సందులో ఎవరికీ వినిపించకు. నన్ను క్షమించకపోయినా ఫర్వాలేదు, ఉత్తరం మాత్రం రాయి.

మార్వా

~

కింగ్‌స్టన్
14 నవంబరు 1976

నా తల్లీ, నా బంగారమా,

నీ ఉత్తరమేదో వస్తుందని మిస్ అల్వరీన్ చెప్పింది, ఇంకా రాలేదు. ఈ ఎమర్జెన్సీలో పోస్టు నత్తకన్నా నయం కాదు. అది వచ్చేదాకా ఆగలేను.

తొమ్మిదో తారీకున సందంతా వచ్చింది. హోప్టన్ కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చాడు, తప్పు పట్టడానికి. క్యాసెట్ పెట్టాం. మీ టైరీ అరుపులు, మీ గరగర, మొదట్లో నూనె వేగుతున్నట్టు ఏదో చప్పుడు. హోప్టన్ మూతి వంకర పెట్టాడు. తర్వాత ఐసిల్డా వచ్చింది. వచ్చీ రాగానే... మార్వా, నా చెవుల్లో ఒకటి పూర్తిగా పోయింది, ఒకటి సగం ఉంది. ఆ సగం చాలింది. బాదారు! న్యూయార్క్ వాళ్లు బాదారు! ఇనుము మోగింది, ఈలలు వేశారు, 'తిప్పు, తిప్పు' అన్నారు. మీ అత్తకి!

హోప్టన్ లేచాడు. వెళ్లి నా రేకు గోడని రెండు పిడికిళ్లతో బాదాడు. తర్వాత అందరూ లేచారు. ముసలమ్మలు చెప్పులు తీసి బాదారు. సైనికులు తుపాకులతో పరిగెత్తుకొచ్చారు, ఏం గొడవని. ఒకావిడ వాళ్లకి కూర పెట్టింది. పన్నెండేళ్లు ఆలస్యంగా నా ఇంటి రేకు మోగింది. నేను ఆమె వేయించే పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడి ఏడ్చాను, చిన్నపిల్లాడిలాగా.

ఒక్కటే నాకు కోపం. అంత బాదుతుంటే నువ్వు తిప్పలేదేమే? జనం కిరీటం పెడుతుంటే తల వంచాలని తెలియదా? నిన్ను నా శిష్యురాలని చెప్పుకోవడం ఎలా?

పోటీ నువ్వే గెలిచుంటావు. అడగనక్కర్లేదు.

లాసెల్స్ మావయ్య

~

బ్రాంక్స్
27 నవంబరు 1976

మావయ్యా,

నీ ఉత్తరం ఫ్రిజ్ మీద అంటించాను. అమ్మ దాని కింద వంకరగా ఓ పువ్వు బొమ్మ వేసి వెళ్లింది.

తిప్పనందుకు తిట్టు, పడతాను. అవును, బాగా బాదారు.

అక్టోబరు నాలుగో తారీకుతో ఒక లావుపాటి ఉత్తరం వస్తే విప్పకు. అందులో ఏమీ లేదు, చలిబట్టల గురించీ అవీ రాశాను. పొయ్యిలో వేసెయ్యి. ఒట్టు, వేసెయ్యి.

ఇక్కడ మంచు పడుతోంది. శనివారాలు ఖాళీగానే ఉంటున్నాను, చలికి ఎవరూ రారుగా. టైరీ ఇప్పుడు రోస్కో దగ్గర మైకు పట్టుకుంటున్నాడు. మంచిదే, వాడి నోటికి పెద్ద బాక్సులు కావాలి. అత్త రికార్డు గుడ్డలో చుట్టి నా మంచం కింద పెట్టుకున్నాను. ఎవరైనా అటు వచ్చేటప్పుడు వాళ్లతో పంపుతాను.

మార్వా

~

కింగ్‌స్టన్
12 డిసెంబరు 1976

మార్వాకు,

లావుపాటి ఉత్తరం నవంబరు ఇరవై నాలుగున వచ్చింది. విప్పవద్దన్న ఉత్తరం డిసెంబరు ఆరున వచ్చింది. నువ్వు ఆలస్యం చేశావో, పోస్టు ఆలస్యం చేసిందో, చదివేశాను.

మూడు రోజులు నీ మీద కోపంతో అన్నం తినలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు. నిజం చెప్పినందుకు. నాలుగో రోజు తలుపు వేసుకుని, సగం చెవిని క్యాసెట్‌కి ఆనించి ఒక్కణ్ణే విన్నాను. నిజమే. పాట నచ్చినవాళ్లు పాటతో పాటు బాదుతారు. వీళ్లు అడ్డదిడ్డంగా బాదారు. ఇరవై రెండేళ్లు సెట్టు కట్టినవాడికి అది మొదటిసారే తెలియాలి. తెలిసే ఉంటుంది. తెలుసుకోవాలనిపించలేదు.

సందులో ఎవరికీ చెప్పను. హోప్టన్‌కి అసలు చెప్పను, నిన్న ఉచితంగా గడ్డం గీశాడు.

ఇప్పుడు నా అబద్ధం విను. ఈస్టర్ సోమవారం నాడు ఎవరూ రేకు ముట్టుకోలేదని రాశాను. అది నిజం. ఆమె చేప తిరగేసిందని రాశాను. అదీ నిజమే. మధ్యలో ఒకటి వదిలేశాను. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను మార్వా. జనం పక్క సెట్టుకి పోతారని భయం వేసింది. మొదటి చరణం కాకముందే ముల్లు ఎత్తేసి, వేరే పాట పెట్టాను. అందరూ కేకలేసి ఆడారు. నేను ఆమె వైపు చూడలేదు. ఆమె పాడటం మానేసింది జనం బాదనందుకు కాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, పదకొండేళ్లు ఒకే కంచంలో తిన్నాం, ఒక్కనాడూ అనుకోలేదు.

నీకు శనివారం తప్ప ఇంకేమీ లేదన్నావు. అది పోతుంటే చూస్తూ, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డావు. ఆమెని పూర్తిగా పాడనిచ్చావు.

ఆ రికార్డు నాకు పంపకు. నీ దగ్గరే ఉంచు, మంచం కింద కాదు, వినేచోట.

పాట అయ్యేదాకా నలుగురు ఉన్నారని రాశావు. వాళ్ల పేర్లు రాసి పంపు.

లాసెల్స్